శిక్షణలో ఉన్న సర్జన్ల తరఫున కమిటీ ముందు ఏమి అడగాలి?

కొత్తప్రతినిధి | సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. జనరల్ సర్జరీ శిక్షణలో ఇది నా మూడో సంవత్సరం. పోయిన వారం మా విభాగం రెసిడెంట్లందరూ కలిసి నన్ను ప్రతినిధిగా ఎన్నుకున్నారు. ఎన్నుకున్నారంటే పెద్ద మాట. ఎవరూ ముందుకు రాకపోయేసరికి, ఆ సమయానికి ఆపరేషన్ థియేటర్‌లో ఇరుక్కుని కాదనలేకపోయినవాడి పేరు రాసేశారు.

వచ్చే నెల శిక్షణ కమిటీ కూర్చుంటుంది. నాకు ఇరవై నిమిషాలు ఇస్తామన్నారు. ఏమేమి కావాలో రాసి ఇమ్మని తోటివాళ్లను అడిగితే నలభై మూడు కోరికలు వచ్చి పడ్డాయి. డ్యూటీ గంటలు, విశ్రాంతి గది, సెలవులు, థియేటర్‌లో తిట్లు, యంత్రం మీద ఆపరేషన్లు సాధన చేసే సిమ్యులేటర్ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో రెండేళ్లుగా ఎవరికీ తెలియకపోవడం. ఒకరు మాత్రం “మాకు ఆపరేషన్లు కావాలి” అని మూడే మాటలు రాశారు.

నలభై మూడూ చదివితే ఇరవై నిమిషాలూ దానికే సరిపోతాయి. “పరిశీలిస్తాం” అని లేచిపోతారు. ఒకటో రెండో గట్టిగా పట్టుకోవాలి. ఏవి? ఇంకో చిక్కు కూడా ఉంది. బల్లకు అవతల కూర్చునేవాళ్లే మాకు మార్కులు వేసేవాళ్లు.

రాత్రిపాళీ | మంగళవారం, తెల్లవారుజామున 2:05

గంటలు. ఇంకేమీ వద్దు.

నేను రెండో సంవత్సరం. మొన్న వరసగా ముప్పై గంటలు పనిచేశాను. అందులో థియేటర్‌లో ఉన్నది గంటా పావు. మిగతాదంతా రక్తపరీక్షల కోసం ల్యాబ్‌కు ఫోన్లు, డిశ్చార్జి కాగితాలు, స్కానింగ్ దాకా రోగిని తోసుకెళ్లడం. తెల్లవారుజామున నాలుగింటికి అపెండిక్స్ కేసు వచ్చింది. నన్నే చేయమన్నారు. చేతులు కడుక్కుంటూ కుళాయి దగ్గర నిలబడే కునికాను. సీనియర్ చూసి “నువ్వు వెళ్లి పడుకో” అన్నారు. దయతోనే అన్నారు. కేసు మాత్రం పోయింది.

పాతకత్తి | మంగళవారం, ఉదయం 6:40

“మా రోజుల్లో” అని మొదలుపెట్టే ముసలివాళ్లంటే నాకూ ఒళ్లుమంటే. అయినా మొదలుపెడుతున్నాను. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్లకు నేర్పి రిటైరయ్యాను.

రెసిడెంట్ అన్న మాట ఎక్కడిదో తెలుసు కదా? ఆసుపత్రిలోనే నివాసం ఉండేవాడు కనుక రెసిడెంట్. 1889లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరిచాక అక్కడి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చాడు. ఇన్నేళ్లు అన్న లెక్క లేదు, గురువుగారికి తృప్తి కలిగేవరకూ ఉండాల్సిందే. కింద చాలామంది చేరితే పైమెట్టు ఎక్కేది ఒకడు. 1904లో యేల్ విశ్వవిద్యాలయంలో సర్జన్ల శిక్షణ మీద ఆయన ఒక ప్రసంగం చేశాడు, ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. ఆ మహానుభావుడు కొకైన్‌కూ ఆ తరువాత మార్ఫిన్‌కూ అలవాటుపడి ఏళ్ల తరబడి అవస్థపడ్డాడని మాత్రం మా గురువులెవరూ మాకు చెప్పలేదు.

ఆ పద్ధతికి ప్రాణం ఒకటే: బాధ్యతను మెట్టు మెట్టుగా చేతికివ్వడం. మనం దాన్ని వదిలేసి, ఆసుపత్రిలో పడి ఉండటాన్ని మాత్రం ఆస్తిలా దాచుకున్నాం. రాత్రిపాళీ గారూ, మీ ముప్పై గంటలు విని నేను పెద్దగా ఉలిక్కిపడలేదు, మేమూ పడ్డాం. గంటా పావు విని ఉలిక్కిపడ్డాను. మిగిలిన పని అలాగే ఉంచి గంటలు తగ్గిస్తే, ఆ గంటా పావు కాస్తా ముప్పావు గంట అవుతుంది.

లెక్కలమనిషి | మంగళవారం, మధ్యాహ్నం 1:15

గంటల చరిత్ర కొంత చెబుతాను, కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు.

1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటలకే చనిపోయింది. ఆ రాత్రి ఆమెను చూసుకున్నది శిక్షణలో ఉన్న వైద్యులు. ఆమె తండ్రి పత్రికల మనిషి, ఊరుకోలేదు. ఆ గొడవ పెరిగి పెరిగి 1989లో ఆ రాష్ట్రంలో రెసిడెంట్లకు వారానికి 80 గంటల పరిమితి వచ్చింది. అమెరికా మొత్తానికి అదే పరిమితి 2003లో వచ్చింది. ఐరోపా సమాఖ్యలో 2009 నుంచి జూనియర్ వైద్యులకు కూడా సగటున వారానికి 48 గంటలే. 80 ఎక్కడ, 48 ఎక్కడ? రెండు చోట్లా సర్జన్లు తయారవుతూనే ఉన్నారు. చేతికి పని దొరకడం లేదన్న గోల రెండు చోట్లా ఉంది.

2016లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో 117 శిక్షణ కార్యక్రమాలను లాటరీ వేసినట్టు రెండుగా విడదీశారు. వారానికి 80 గంటలు ఇద్దరికీ ఒకటే. ఒక్కో షిఫ్టు ఎంతసేపు ఉండాలి, మధ్యలో ఎంత విరామం ఉండాలి అన్న నియమాలను ఒక పక్షానికి సడలించారు. రోగుల పరిస్థితి ఆ పక్షంలో దిగజారలేదు. తమ శిక్షణ నాణ్యత మీద రెసిడెంట్ల సంతృప్తిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. గంటల మీట ఒక్కటి తిప్పితే శిక్షణ బాగుపడుతుందనుకుంటే నిరాశపడతారు.

రాత్రిపాళీ | మంగళవారం, రాత్రి 9:30

అధ్యయనంలో తేడా రాలేదు, సంతోషం. కుళాయి దగ్గర కునికినవాడికి తేడా తెలిసింది.

లెక్కలమనిషి | మంగళవారం, రాత్రి 9:50

ఒప్పుకుంటున్నాను. నిద్రను నిద్ర పేరుతోనే అడగండి, అది మనిషికి ఉండే హక్కు. శిక్షణ పేరుతో అడిగితే ఆ రెండింటినీ తక్కెడలో పెట్టి “ఏది కావాలో మీరే తేల్చుకోండి” అంటారు. వేరే ఉత్తరం, వేరే రోజు.

మత్తుసూది | బుధవారం, సాయంత్రం 5:10

నేను మత్తు వైద్యురాలిని. ఆపరేషన్ బల్ల తలవైపు కూర్చుంటాను కనుక సర్జన్లకు కనిపించనిది నాకు కనిపిస్తుంది. ముఖ్యంగా గోడ గడియారం.

జాబితాలో ఆరు కేసులు ఉంటాయి. మొదటిది ఆలస్యంగా మొదలవుతుంది. రెండోదానిలో ఏదో అతుక్కుపోయి ఉంటుంది. నాలుగోదానికి వచ్చేసరికి జూనియర్‌కు కత్తి ఇస్తారు. ఆ పిల్లవాడో, ఆ అమ్మాయో సరిగ్గానే చేస్తుంటారు, నెమ్మదిగా చేస్తుంటారు. పది నిమిషాలకు సర్జన్ గడియారం చూస్తారు, ఇరవైకి నా వైపు చూస్తారు. నేను కూడా, దాచేదేముంది, “ఇంకెంతసేపు?” అంటాను. వెంటనే “ఇటివ్వు” అన్న మాట వినిపిస్తుంది. ఆ “ఇటివ్వు”లో నా వాటా కూడా ఉందని చాలా ఏళ్ల తరువాత అర్థమైంది.

కమిటీని ఒక చిన్న మార్పు అడగండి. నేర్పవలసిన కేసును జాబితాలో మొదట పెట్టమనండి. అప్పుడు అందరి చేతుల్లోనూ సమయం ఉంటుంది, అందరి మనసులూ తేలిగ్గా ఉంటాయి. సాయంత్రం నాలుగు దాటాక ఎవరూ ఎవరికీ ఏమీ నేర్పరు.

కొత్తప్రతినిధి | బుధవారం, రాత్రి 11:55

మేడమ్, మీ పోస్టు చదివి లేచి నా కేసులు రాసుకునే లాగ్‌బుక్ తీశాను. ఇప్పటిదాకా గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసిన ల్యాపరోస్కోపీ కేసులు, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసేవి, నా పేరు మీద 61 ఉన్నాయి. ఘనంగా ఉంది కదా? ఒక్కోదాన్నీ గుర్తు తెచ్చుకుంటూ పక్కన పెన్సిల్‌తో రాశాను.

కెమెరా పట్టుకుని నిలబడినవి 44. పొట్టలోకి గొట్టాలు దింపడం, చివర కుట్లు వేయడం నాకు ఇచ్చినవి 13. పిత్తాశయం మెడ దగ్గరుండే కాలో త్రికోణంలో కొవ్వును విప్పుతూ పిత్తాశయ నాళాన్నీ ధమనినీ వేరుచేసింది నా చేతులే అని చెప్పగలిగినవి 3. మొదటి నుంచి చివరిదాకా నేనే చేసినది 1. లాగ్‌బుక్‌లో ఈ అరవై ఒకటీ ఒకే గడిలో ఉన్నాయి. “సహాయకుడు” అని.

ఆ ఒక్కటీ నాకు నిమిష నిమిషం గుర్తుంది. ఎదురుగా నిలబడిన కన్సల్టెంట్ రెండు చేతులూ ఆకుపచ్చ గౌను మీద కట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. క్లిప్పు బిగించే ముందు నేను తలెత్తి చూశాను. “నన్నెందుకు చూస్తావు? తెర చూడు” అన్నారు. అంతే. మిగిలిన అరవై ఏ రోజు ఎవరివో కూడా గుర్తులేదు.

లెక్కలమనిషి | గురువారం, ఉదయం 8:20

ఇదిగో, మీ ఇరవై నిమిషాలు మీకు దొరికాయి.

అమెరికాలో జనరల్ సర్జరీ శిక్షణ ముగిసేసరికి కనీసం 850 కేసులు చేసి ఉండాలంటారు. అందులో 200 చివరి సంవత్సరంలో చేయాలి. సంఖ్య అవసరమే. మీ పెన్సిల్ గీతలు చెప్పింది మాత్రం సంఖ్యకు తెలియదు. నేర్పే సర్జన్ ఎంతవరకు చేయి వేశారన్నది నాలుగు మెట్లుగా రాసే పద్ధతి ఒకటి ఉంది, జ్విష్ కొలమానం అంటారు. మొదటి మెట్టులో ఆయన చేస్తూ వివరిస్తారు. రెండోదానిలో మీ చేత చేయిస్తూ దారి చూపుతూ ఉంటారు. మూడోదానిలో మీరు నడిపిస్తుంటే ఆయన వెనక నుంచి అందిస్తారు. నాలుగోదానిలో ఊరికే నిలబడి చూస్తారు. రాయడానికి అరనిమిషం చాలు. అమెరికా సర్జరీ బోర్డు 2023 నుంచి ఒక్కో రకం పనిని ఏ మెట్టు మీద అప్పగించవచ్చో తేల్చే అంచనాలను శిక్షణలో భాగం చేసింది. అక్కడ అలాంటి పనులు 18.

నైపుణ్యం ఎందుకు కొలవాలి అని ఎవరైనా అడిగితే, 2013లో మిషిగన్ నుంచి వచ్చిన అధ్యయనం గుర్తుచేయండి. ఊబకాయానికి ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్లు తలా ఒక వీడియో ఇచ్చారు. పేర్లు తెలియకుండా తోటి సర్జన్లే చూసి మార్కులు వేశారు. అడుగు పావు భాగంలో ఉన్నవారి రోగుల్లో చిక్కులు 14.5 శాతం, పై పావు భాగం వారి రోగుల్లో 5.2 శాతం. వీళ్లంతా శిక్షణ ఎప్పుడో పూర్తిచేసుకున్నవాళ్లు. చేతిలో తేడా ఉంటే రోగి ఒంటి మీద తేడా కనిపిస్తుంది.

పాతకత్తి | గురువారం, మధ్యాహ్నం 3:00

బల్లకు అవతలి పక్షం తరఫున కూడా ఒకరు మాట్లాడాలి కదా, నేనే మాట్లాడతాను.

గాల్‌బ్లాడర్ కేసులో కత్తి ఎందుకు లాక్కుంటామో తెలుసా? భయం. పిత్తాశయ నాళమనుకుని ప్రధాన పిత్తనాళాన్ని క్లిప్పు వేసి కోసేస్తే ఆ రోగి జీవితం మరోలా అయిపోతుంది. ఆ పొరపాటు చేసేవాడికి ఆ క్షణంలో అది పొరపాటని అనిపించదు, అంతా సజావుగా ఉన్నట్టే ఉంటుంది. అందుకే 1995లో స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ ఒక నియమం స్థిరపరిచాడు. త్రికోణంలో కొవ్వూ పీచూ పూర్తిగా తీసేయాలి. పిత్తాశయం అడుగు భాగాన్ని కాలేయం నుంచి కొంత విడదీయాలి. పిత్తాశయంలోకి వెళ్లేవి రెండు, రెండే కనిపించాలి: నాళం, ధమని. అప్పటిదాకా ఏదీ కోయకూడదు.

ఈ నియమం జూనియర్‌కు ఎంత రక్షణో నేర్పేవాడికీ అంతే రక్షణ. మొదట్లో నాకు ఆ సంగతి తెలియలేదు. జూనియర్ చేయి కొంచెం వణకగానే లాక్కునేవాడిని. తరువాత ఒక ఒప్పందం పెట్టుకున్నాను: “రెండు, రెండే” అని నువ్వు నాకు తెర మీద చూపించేదాకా క్లిప్పు అడగకు, నువ్వు అడగనంతవరకు నేను కత్తి అడగను. నోరు మూసుకుని నిలబడటం నాకు ఇరవై ఏళ్లకు వచ్చింది. నన్నెవరూ నేర్పడం ఎలాగో నేర్పలేదు. బాగా కోయగలిగినవాడు బాగా నేర్పగలడని అందరూ అనుకున్నారు, నేను కూడా.

కాబట్టి మీ జాబితాలో ఇది చేర్చండి: నేర్పేవాళ్లకు శిక్షణ. నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఎడమచేతివాటం | గురువారం, రాత్రి 10:10

అందరూ చేతుల గురించి మాట్లాడుతున్నారు కనుక, ఏ చేయి అని అడగడానికి వచ్చాను.

నాది ఎడమచేతివాటం. సూది పట్టుకునే నీడిల్ హోల్డర్ పళ్లు కుడి బొటనవేలి తోపుకు విడిపోయేలా ఉంటాయి. నేను దాన్ని వెనక్కి లాగినట్టు వత్తాలి. మామూలు కత్తెర నా చేతిలో దారాన్ని కోయదు, రెండు పలకల మధ్య మడిచి నములుతుంది. మొదటి సంవత్సరమంతా “మొద్దు చేయి” అనిపించుకున్నాను. నెమ్మదిగా రెండు చేతులతోనూ ముడి వేయడం నేర్చుకున్నాను, మంచం కోడుకు దారం కట్టి రాత్రుళ్లు సాధన చేశాను. ఎడమచేతి పనిముట్లు ఒక సెట్టు కొనమని అడగడానికి నాకు మూడేళ్లు పట్టింది, అడిగితే ఎక్కడ మళ్లీ గుర్తొస్తానో అని. దొరకడానికి రెండు వారాలే పట్టింది.

ప్రతినిధి అన్నవారు చేయవలసింది ఇదే అనుకుంటాను. ఒక్కరికే ఉన్న ఇబ్బందిని ఆ ఒక్కరే మోయకుండా చూడటం. తిట్ల సంగతి కూడా వదిలేయకండి. 2019లో అమెరికాలో 7409 మంది సర్జరీ రెసిడెంట్ల జవాబులతో ఒక సర్వే వచ్చింది. మహిళల్లో 65 శాతం మంది లింగ వివక్ష ఎదుర్కొన్నామన్నారు. అందులో రోగులూ వాళ్ల బంధువుల వాటా ఎక్కువ. దుర్భాషల సంగతికి వచ్చేసరికి వేళ్లన్నీ ఎక్కువగా నేర్పే సర్జన్ల వైపే చూపాయి.

పచ్చగౌను | శుక్రవారం, ఉదయం 7:00

స్క్రబ్ నర్సును. పద్నాలుగేళ్లుగా మీ అందరి చేతుల్లో పనిముట్లు పెడుతున్నాను. ఎవరి చేతులు ఎప్పుడు వణుకుతాయో మీ కమిటీ కంటే నాకే బాగా తెలుసు. నన్ను ఏ కమిటీ ఎప్పుడూ అడగలేదు, అది వేరే సంగతి.

కోతకు ముందు ఒక్క నిమిషం ఆగి అందరూ పేరూ పనీ చెప్పుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన భద్రతా పట్టికలో ఉంది. ఎనిమిది నగరాల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు: మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కొన్ని థియేటర్లలో ఇప్పటికీ ఆ నిమిషాన్ని పూజారి మంత్రాల్లా గబగబా చదివేస్తారు. జూనియర్ పేరు చాలాసార్లు చెప్పరు. రెండు నెలలు మా ఎదుట నిలబడిన పిల్ల పేరు నాకు ఆమె వెళ్లిపోయే రోజున తెలిసింది.

ఆ నిమిషంలోనే ఒక వాక్యం కలపండి: “ఈరోజు ఈ దశ ఫలానా డాక్టర్ చేస్తారు.” పెద్దాయన నోటితో, అందరి ముందూ. తరువాత “ఇటివ్వు” అనడం ఆయనకు కొంచెం కష్టమవుతుంది. మత్తు మేడమ్‌లు గడియారం చూడటం కూడా.

మత్తుసూది | శుక్రవారం, ఉదయం 7:25

తగిలింది.

పక్కమంచం | శుక్రవారం, మధ్యాహ్నం 12:40

నేను డాక్టర్‌ను కాదు. వచ్చే నెల నాకు హెర్నియా ఆపరేషన్ ఉంది, దాని గురించి వెతుకుతూ ఇక్కడికి వచ్చాను. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మీరంతా నా మీద నేర్చుకుంటారా? ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

పాతకత్తి | శుక్రవారం, మధ్యాహ్నం 2:30

అమ్మా, లేక అయ్యా, మీకు చెప్పకపోవడం తప్పు. సంతకం తీసుకునేటప్పుడే చెప్పాలి: ఫలానా జూనియర్ ఇంత భాగం చేస్తారు, ఫలానా సీనియర్ పక్కనే చేతులు కడుక్కుని నిలబడి ఉంటారు అని. మీరు వద్దనవచ్చు. అడిగినప్పుడు కాదన్న రోగులు నాకు తక్కువే ఎదురయ్యారు. అడగకుండా చేశామని తరువాత తెలిసి బాధపడినవాళ్లు ఉన్నారు. వాళ్లను నేను మర్చిపోలేదు.

ఇంకొక మాట. నేర్చుకుంటున్నవాడు చేసే ఆపరేషన్ బల్ల దగ్గర నాలుగు కళ్లు ఉంటాయి. పక్కన ఎవరూ లేకుండా రాత్రి మూడింటికి మొదటిసారి చేసేవాడి దగ్గర రెండే ఉంటాయి. పగలు సరిగా నేర్పకపోతే ఆ రాత్రి తప్పదు.

పక్కమంచం | శుక్రవారం, మధ్యాహ్నం 3:05

సరే. నేను అడుగుతాను. వాళ్లు చెప్పేదాకా ఆగను.

నిర్వాహకుడు | శుక్రవారం, సాయంత్రం 6:00

రెండు పోస్టుల్లో ఆసుపత్రి పేరు, ఒకదానిలో ఒక విభాగాధిపతి పేరు ఉన్నందున తొలగించాను. కష్టం చెప్పుకోండి, పేర్లు వద్దు. సిమ్యులేటర్ల అమ్మకపు ప్రకటన పెట్టిన సభ్యుడికి హెచ్చరిక పంపాను.

లెక్కలమనిషి | శుక్రవారం, సాయంత్రం 6:30

ప్రకటన పోయినా సిమ్యులేటర్ సంగతి మిగిలింది కనుక క్లుప్తంగా. 2002లో 16 మంది రెసిడెంట్లతో చేసిన అధ్యయనంలో, కంప్యూటర్ తెర మీద ముందుగా సాధన చేసినవాళ్లు అసలు ఆపరేషన్‌లో పిత్తాశయాన్ని 29 శాతం త్వరగా విడదీశారు. సాధన లేనివాళ్లు పిత్తాశయాన్ని గాయపరచడమో పక్క కణజాలాన్ని కాల్చడమో జరిగే అవకాశం అయిదు రెట్లు ఎక్కువగా కనిపించింది. చిన్న అధ్యయనమే, అయినా దారి చూపింది. కొత్త యంత్రం అడగకండి, ఉన్నదాని తాళంచెవి అడగండి.

రాత్రిపాళీ | శనివారం, తెల్లవారుజామున 3:15

ప్రతినిధి గారూ, ఇవన్నీ బాగున్నాయి. భయం సంగతి ఎవరూ తేల్చలేదు. మా దగ్గర ఏటా పేరు లేకుండా అభిప్రాయాలు రాయమంటారు. మా యూనిట్‌లో ఉండేది ముగ్గురం. “తెల్లవారుజామున కేసులు ఇవ్వడం లేదు” అని రాస్తే అది ఎవరు రాశారో కనుక్కోవడానికి పేరు కావాలా? పోయినసారి ముగ్గురం “అంతా బాగుంది” అని రాశాం.

ఎడమచేతివాటం | శనివారం, ఉదయం 9:00

మేం దీన్ని ఇలా దాటాం. యూనిట్ల వారీగా ఇవ్వకుండా అన్ని యూనిట్ల కాగితాలూ కలిపి, రెండేళ్లవి ఒకేసారి ఇచ్చాం. పది మందికి తక్కువ ఉన్న గుంపు అంకెలు విడిగా చూపించలేదు. ప్రతినిధులు ఇద్దరు ఉండేలా చూసుకున్నాం, ఒకరు ఎప్పుడూ శిక్షణ ముగియబోతున్నవారు, ఇక మార్కుల భయం లేనివారు. సమావేశంలో ఏమనుకున్నారో అదే రోజు రాసి అందరికీ పంపించాం. మాట గాలికి పోతుంది, రాసిన కాగితానికి జవాబు చెప్పాలి.

బ్రిటన్‌లో శిక్షణలోని సర్జన్లకు 1976 నుంచి సొంత సంఘం ఉంది, నడిపేది కూడా వాళ్లే. అక్కడ ఒక్కొక్కరు తమ యజమానితో పోట్లాడవలసిన అవసరం తగ్గుతుంది, మాట్లాడేది సంఘం కనుక. అంత పెద్దది ఒక్క రోజులో రాదు. ఇద్దరితో మొదలవుతుంది.

కొత్తప్రతినిధి | ఆదివారం, రాత్రి 10:45

తేల్చుకున్నాను. రెండే అడుగుతాను. ఒకటి, ప్రతి కేసుకూ ఒక చిన్న కాగితం: ఏ దశ ఎవరి చేతులతో, నాలుగు మెట్లలో ఏ మెట్టు మీద. అదే రోజు ఇద్దరి సంతకాలు. రెండు, అభిప్రాయాలు కలిపి ఇచ్చే పద్ధతి, ఇద్దరు ప్రతినిధులు. నిద్ర గురించి విడిగా ఉత్తరం రాస్తున్నాను, రాత్రిపాళీ గారి గంటా పావు అందులో మొదటి వాక్యం, పేరు లేకుండా. నా 61 అంకెను తెర మీద పెడతాను. అది నాది కనుక ఎవరి పేరూ బయటపడదు.

కొత్తప్రతినిధి | అయిదు వారాల తరువాత, రాత్రి 11:30

సమావేశం జరిగింది. ఇరవై నిమిషాలు అన్నారు, పన్నెండు దొరికాయి.

61ని నాలుగు ముక్కలుగా చూపించాను. ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక పెద్దాయన “మా రోజుల్లో కెమెరా పట్టుకునే నేర్చుకున్నాం” అన్నారు. ఇంకొకరు, ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, “నా లెక్క వేసుకుంటే నేనెంత ఇచ్చానో తెలియాలి, పెట్టండి” అన్నారు. కాగితం పద్ధతిని రెండు యూనిట్లలో, గాల్‌బ్లాడర్‌కూ హెర్నియాకూ మాత్రమే, మూడు నెలలు చూద్దామన్నారు. అభిప్రాయాల పద్ధతిని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. రెండో ప్రతినిధికి ఒప్పుకున్నారు. నేర్పేవాళ్లకు శిక్షణ అన్నప్పుడు నవ్వారు, పాతకత్తి గారూ, మీరు చెప్పినట్టే. తాళంచెవి స్టోర్స్ గుమాస్తా సొరుగులో దొరికింది. అడిగిన వెంటనే ఇచ్చేశాడు. రెండేళ్లుగా ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నాడట.

కొత్తప్రతినిధి | మరో నాలుగు వారాల తరువాత, రాత్రి 12:10

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మొదటి నెల కాగితాలు నా దగ్గరికే వచ్చాయి. మా యూనిట్‌లో హెర్నియాలు పదకొండు. కన్సల్టెంట్లు ఎంత లాక్కున్నారో లెక్కవేద్దామని కూర్చున్నాను. మెష్ (హెర్నియా మీద వేసే వల) పరిచి కుట్టే దశలో వాళ్ల పేర్లు రెండుసార్లు ఉన్నాయి. నా పేరు ఏడుసార్లు ఉంది. ఆ ఏడింటిలో అయిదుసార్లు ఎదురుగా నిలబడింది రెండో సంవత్సరం రెసిడెంటు. ఒక్కసారి కూడా నేను “ఇటివ్వు” అనలేదు, ఆ సంగతి ప్రమాణం చేసి చెప్పగలను. అసలు ఇవ్వనేలేదు కదా, తిరిగి అడగడానికి.

పాతకత్తి | అదే రాత్రి, 12:25

ఇప్పుడు తెలిసిందా ఇరవై ఏళ్లు ఎందుకు పట్టిందో.

రాత్రిపాళీ | అదే రాత్రి, 1:40

అన్నా, ఆ అయిదింటిలో మూడు నావి. తాళంచెవి స్టోర్స్‌లో దొరికిందని రాసినప్పుడే మీరెవరో అర్థమైంది. కుళాయి దగ్గర “వెళ్లి పడుకో” అన్న సీనియర్ కూడా మీరే. కోపంతో రాయడం లేదు. ఆ రాత్రి నాకు నిజంగానే నిద్ర కావాలి.

కొత్తప్రతినిధి | అదే రాత్రి, 1:55

ఉత్తరంలో మొదటి వాక్యంగా పెట్టినప్పుడు కూడా అది నేనే అని తట్టలేదు.

గురువారం జాబితాలో మొదటి కేసు హెర్నియా. ముందు రోజు రాత్రి నీకు డ్యూటీ లేదు, ఇప్పుడే చూశాను. మెష్ నీదే. కోతకు ముందు అందరి ఎదుటా నీ పేరు చెబుతాను.